నవ్వించిన తాతయ్యను ఆయన మాటల్లోనే దాచుకోవడం ఎలా

ఇంట్లో అందరినీ నవ్వించిన తాతయ్య కన్నుమూసిన తరువాత ఆయన గురించి ఏదైనా రాసిపెట్టుకోవాలనుకునేవారికి, ఆయన సంస్మరణ సభలో నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినవారికి, ఇంకా పుట్టని పిల్లలకు కూడా ఆయన ఎలాంటి మనిషో తెలియాలని కోరుకునేవారికి ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. మా తాతయ్య కన్నుమూసిన వారంలోనే నేను ఒక పేజీ రాసి భద్రపరిచాను. కొన్నేళ్ళ తరువాత తీసి చూస్తే అందులో "చాలా సరదా మనిషి, గొప్ప భక్తుడు, కుటుంబమంటే ప్రాణం" అన్న మూడు ముక్కలు కనిపించాయి కానీ తాతయ్య కనిపించలేదు. ఆ మూడూ నిజమే. అయితే అవి ఎవరి తాతయ్య గురించైనా రాయగలిగిన మాటలు. ఆయన నోటి నుంచి వచ్చిన ఒక్క వాక్యమైనా ఆ పేజీలో ఉంటే ఎంత బాగుండేదో అనిపించి, అప్పటి నుంచి బంధువులందరినీ అడిగి, పాత ఫోన్లు వెతికి, మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఆ పనిలో తెలుసుకున్న విషయాలే ఇవి.

ముందుగా ఆయన మాటలు

నవ్వించే మనిషి విషయంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆయన ఏం చేశారన్నది చాలాకాలం గుర్తుంటుంది. ఏం అన్నారన్నది మాత్రం త్వరగా పోతుంది. 1967లో జాక్వెలిన్ శాక్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జరిపిన ప్రయోగంలో, విన్న వాక్యం అర్థాన్ని మనుషులు బాగానే పట్టుకుంటారనీ, ఆ వాక్యంలోని పదాల అమరికను మాత్రం కొద్దిసేపటికే మరచిపోతారనీ తేలింది. మామూలు కబుర్లకు దీనివల్ల నష్టమేమీ లేదు. హాస్యానికి మాత్రం ఇది ప్రాణాంతకం, ఎందుకంటే అక్కడ నవ్వంతా పదాల అమరికలోనే ఉంటుంది. అందువల్ల ఏ తాతయ్య నవ్వించడంలో దిట్టో, ఆ తాతయ్యలో అన్నింటికంటే ముందు చెరిగిపోయేది ఆ నవ్వే. "ఆయన భలే జోకులు వేసేవారు" అన్న అర్థం మిగులుతుంది, ఒక్క జోకూ మిగలదు.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. మా తాతయ్య కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోయి ఇల్లంతా వెతుక్కునేవారు. ఎవరైనా విసుక్కుంటే, వెతకడం ఆపి, నడుం మీద చేయి పెట్టుకుని, "కళ్ళజోడు వెతకాలంటే..." అని ఒక్క క్షణం ఆగి, "ముందు కళ్ళజోడు ఉండాలి కదమ్మా" అనేవారు. దీన్ని నా మొదటి పేజీలో రాసి ఉంటే బహుశా "కళ్ళజోడు లేకుండా వెతకడం కష్టమని తాతయ్య సరదాగా అనేవారు" అని రాసి ఉండేదాన్నేమో. అర్థం అదే, కానీ అందులో ఆయన లేరు. ఆ ఆగడం లేదు, "కదమ్మా" లేదు, నడుం మీద చేయి లేదు.

కాబట్టి తేదీలూ ఉద్యోగ వివరాలూ పుట్టిన ఊరూ వంటివి తరువాత రాసుకోండి. అవి కాగితాల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మొదటి రోజుల్లో ఓపిక ఉన్నంతవరకు ఆయన అన్న మాటలను మాత్రమే, అన్నవి అన్నట్టుగా రాయండి. రోజూ ఒక్కటి రాసినా చాలు. పక్కన నాలుగు విషయాలు చేర్చండి: ఎవరితో అన్నారు, దానికి ముందు ఏం జరిగింది, ఎక్కడ ఆగారు లేదా ఏ అక్షరాన్ని సాగదీశారు, విన్నవారిలో ఎవరు నవ్వారు. ఈ నాలుగింటిలో చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అది చాలా ముఖ్యం, ఎందుకంటే హాస్యం ఎప్పుడూ ఒక మనిషి కోసం పుడుతుంది. మా తాతయ్య సగం మాటలు మా అమ్మమ్మ మూతి బిగించి నవ్వు ఆపుకోవడం చూడడానికే అన్నవని ఆ వివరాలన్నీ ఒకచోట చేర్చాకే నాకు అర్థమైంది.

రాసేటప్పుడు ఆయన యాసను సరిదిద్దకండి. ఆయన "ఎల్లిపోతన్నా" అనేవారైతే "వెళ్ళిపోతున్నాను" అని రాయవద్దు. ఆయన తప్పుగా పలికే పేర్లను, సొంతంగా కల్పించుకున్న పదాలను, పిల్లలకు పెట్టిన ముద్దుపేర్లను అలాగే ఉంచండి. తెలుగు లిపికి ఉచ్చారణను దాదాపు వినిపించినట్టే పట్టుకునే గుణం ఉంది, దాన్ని పూర్తిగా వాడుకోండి. వ్యాసం అంతా మీ భాషలో ఉన్నా, ఆయన మాటలు మాత్రం ఆయన భాషలోనే ఉండాలి.

ఒక్కొక్కరినీ విడివిడిగా అడగడం

కుటుంబమంతా ఒకచోట చేరినప్పుడు కబుర్లు వాటంతటవే వస్తాయి, అవి మనసుకు ఊరటనిస్తాయి. అయితే జ్ఞాపకాలను సేకరించే పని ఆ గుంపులో చేయవద్దని నా సలహా. కలిసి కూర్చుని గుర్తుచేసుకున్నవారి కంటే, అంతే మంది విడివిడిగా గుర్తుచేసుకుని ఒకచోట కలిపినప్పుడే ఎక్కువ వివరాలు వస్తాయని జ్ఞాపకశక్తిపై జరిగిన ప్రయోగాలు పదేపదే చూపించాయి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి తలపుల వరుస తెగిపోవడం దీనికి ఒక కారణం. ఇంట్లో మరో కారణం కూడా పనిచేస్తుంది: గట్టిగా చెప్పగలిగినవారి కథే అందరి కథ అయిపోతుంది, మెల్లగా మాట్లాడే చిన్న కోడలి దగ్గరో, మాటల్లో పెద్దగా కలవని మనవడి దగ్గరో ఉన్న జ్ఞాపకం బయటికే రాదు.

అందుకని ఒక్కొక్కరితో విడిగా, తొందర లేని సమయంలో కూర్చోండి. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్‌ను మాట్లాడేవారికి మూరెడు దూరంలోపు, మెత్తటి గుడ్డ మీద పెట్టి, కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, ఫ్యాను ఆపేయండి. రికార్డింగు మొదట్లో మీరే తేదీ, మాట్లాడుతున్నవారి పేరు, తాతయ్యకు వారు ఏమవుతారో చెప్పండి. ఇరవై ఏళ్ళ తరువాత ఆ ఫైలు తెరిచే మనిషికి ఆ ఒక్క వాక్యమే దారి చూపిస్తుంది.

"తాతయ్య ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడిలాంటి మనిషి" అన్న జవాబే వస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. ప్రశ్న చిన్నదిగా, ఒక క్షణాన్ని పట్టుకునేదిగా ఉండాలి. "పెదనాన్నా, తాతయ్య నిన్ను కొట్టబోయి నవ్వేసిన రోజు ఏదైనా ఉందా?", "అత్తా, పెళ్ళయ్యాక మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు తాతయ్య గుమ్మంలో ఏమన్నారు?", "అమ్మమ్మా, తాతయ్య ఎవరికీ చెప్పొద్దని నీకొక్కదానికే చెప్పిన సరదా మాట ఉందా?" వంటివి అడిగి చూడండి. ఆయన చేతులు, ఆయన కూర్చునే తీరు, తలుపు తట్టే పద్ధతి, దగ్గు, ఫోన్ ఎత్తగానే అనే మొదటి మాట గురించి అడిగితే వెనక నుంచి పెద్ద కథలు నడిచి వస్తాయి. అడిగాక మౌనంగా ఉండడం నేర్చుకోండి. మనం తొందరపడి రెండో ప్రశ్న వేసేలోపు రావలసిన జ్ఞాపకం ఆగిపోయిన సందర్భాలు నా రికార్డింగుల్లో చాలా ఉన్నాయి. ఇప్పుడు వింటే బాధగా ఉంటుంది.

ఒకే సంఘటనను ముగ్గురు మూడు రకాలుగా చెబితే ఎవరిది నిజమని తేల్చడానికి కూర్చోకండి. కథను ప్రతిసారి తిరిగి చెప్పేటప్పుడు మనుషులు తమకు అలవాటైన రూపంలోకి దాన్ని మలుచుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే వివరంగా చూపించారు. మూడు రూపాలనూ ఎవరు చెప్పారో పేరుతో సహా పక్కపక్కన రాయండి. చెప్పినవారికి తాతయ్యలో ఏది ప్రియమో ఆ తేడాల్లోనే తెలుస్తుంది.

మనుషులను అడిగే పనికంటే ముందే చేయవలసినది ఒకటుంది. ఆయన గొంతు ఇప్పటికే ఉన్న చోట్లన్నీ వెతకండి. మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు, ఎవరి పెళ్ళి వీడియోలోనో వెనక నుంచి వినిపించే ఆయన వ్యాఖ్య, పిల్లవాడి పుట్టినరోజు నాడు ఫోన్‌లో తీసిన అర నిమిషం, అన్నీ పనికివస్తాయి. 120 రోజులపాటు వాడని ఖాతాలను వాట్సాప్ సాధారణంగా తొలగిస్తుంది. కాబట్టి ఆయన ఫోన్‌ను ఎవరికైనా ఇచ్చే ముందు, సిమ్ రద్దు చేసే ముందు, అందులోని సందేశాలను, ఫొటోలను వేరేచోటికి ఎక్కించండి. మీ ఫోన్‌లో ఉన్న ఆయన సందేశాలను కూడా ఫోన్ మార్చకముందే విడి ఫైళ్ళుగా దాచుకోండి.

భక్తిని విశేషణాలతో కాక అలవాట్లతో రాయడం

ఆయన విశ్వాసం గురించి రాయడం అన్నింటికంటే కష్టం. ఏ మతానికి చెందినవారైనా, భక్తుడైన మనిషి గురించి రాయగానే కలం తనంతట తానే బరువైన మాటల వైపు నడుస్తుంది. "నిరంతర దైవచింతన", "పరమ భక్తాగ్రేసరుడు" వంటి మాటలు రాగానే మనిషి పటంలోకి వెళ్ళిపోతాడు. ఇంట్లో ఎవరూ ఆయనను అలా చూడలేదు. ఆయన ఎన్ని గంటలకు లేచేవారో, ఏ మూల కూర్చునేవారో, ప్రార్థన చేసేటప్పుడు పెదవులు కదిలేవో లేదో, జ్వరం వచ్చిన రోజున కూడా ఏ ఒక్క పనిని మానలేదో చూశారు. అవే రాయండి. ఆయన చదువుకున్న పవిత్రగ్రంథం మీ దగ్గర ఉంటే జాగ్రత్తగా తెరిచి చూడండి. ఏ పేజీ అంచులు నలిగాయో, ఎక్కడ గీత గీశారో, మధ్యలో గుర్తుగా ఏ కాగితం ముక్క పెట్టారో ఫొటో తీయండి. పుస్తకాన్ని దులిపి శుభ్రం చేసే ముందే ఆ పని చేయాలి, ఎందుకంటే పెట్టిన చోటి నుంచి కదిలాక ఆ కాగితం ముక్కకు అర్థం ఉండదు.

అన్నింటికీ మించి, ఆయన భక్తికీ హాస్యానికీ మధ్య గోడ కట్టకండి. సంస్మరణలు రాసేవారు మొదటి సగం భక్తికి, రెండో సగం సరదాకు ఇచ్చి ఒకే మనిషిని ఇద్దరిని చేస్తారు. మా తాతయ్య రాత్రి ప్రార్థనలో ఇంట్లో అందరి పేర్లూ పెద్దల నుంచి చిన్నల వరకు వరుసగా చెప్పేవారు. ఆ రోజు అల్లరి చేసిన వాడి పేరు రాగానే గొంతు కాస్త పెంచి, "దేవుడా, వీడి సంగతి నీకు తెలియంది కాదు, నేను వేరే చెప్పను" అనేవారు. కళ్ళు మూసుకున్న మేమంతా పొట్ట పట్టుకుని నవ్వు ఆపుకునేవాళ్ళం. ఒకసారి ప్రార్థన మధ్యలో ఆయన తల వాలిపోతే మా తమ్ముడు తట్టి లేపాడు. "నిద్ర కాదురా, ఇంతసేపూ నేను చెప్పాను, ఇప్పుడు ఆయన చెబుతుంటే వింటున్నాను" అన్నారు. ఆ మాటలో ఎంత చనువు ఉందో, దేవుడు తనతో మాట్లాడతాడన్న నమ్మకం ఎంత గట్టిగా ఉందో చూడండి. అది జోకు, అదే ఆయన విశ్వాస ప్రకటన కూడా. మీ తాతయ్య దగ్గర కూడా ఇలాంటి సందర్భాలు తప్పకుండా ఉంటాయి. వాటి కోసం ప్రత్యేకంగా వెతకండి, రాసేటప్పుడు వాటిని మధ్యలో నిలపండి.

మనవల్లో ఆ విశ్వాసం లేనివారు, వేరే దారిలో వెళ్ళినవారు ఉండవచ్చు. ఆయన భక్తిని అడ్డం పెట్టుకుని వారికి బోధించే అవకాశంగా ఈ రచనను వాడుకోవద్దు. వారితో ఆయన ఎలా మాట్లాడారో, ఆ తేడాను ఎలా భరించారో వారినే అడిగి రాస్తే ఆయన గురించి ఎవరికీ తెలియని సంగతి ఒకటి బయటపడవచ్చు.

కుటుంబం, నొచ్చుకున్న మాటలు

"కుటుంబం కోసమే బతికారు" అని రాయడానికి బదులు ఒక్క పని చెప్పండి. ఎవరి చదువు కోసం తన అవసరం ఏది వాయిదా వేసుకున్నారో, ఎవరు ఆలస్యంగా ఇంటికి వస్తే దీపం ఆర్పకుండా కూర్చునేవారో, ఏ మనవరాలికి ఏ రోజు పరీక్షో గోడ మీది క్యాలెండరులో ఎలా రాసుకునేవారో చెబితే చాలు, ప్రేమ అన్న మాట వాడకుండానే అది కనిపిస్తుంది.

నవ్వించేవారి మాటలన్నీ అందరినీ నవ్వించవు. మా అత్త కూతురికి తాతయ్య పెట్టిన పేరు ఒకటి మా అందరికీ ముచ్చటగా ఉండేది. ఆమెకు అది ఎప్పుడూ నచ్చలేదని ఆయన పోయాక, నేను విడిగా కూర్చుని అడిగినప్పుడే తెలిసింది. ఆ పేరును తీసేస్తానన్నాను. "ఉంచు, కానీ నాకది నచ్చేది కాదని కూడా రాయి" అంది. అలాగే రాశాను. మీకు ఇలాంటి సందర్భం ఎదురైతే, నొచ్చుకున్న మనిషి మాటే చివరి మాట కావాలి. ఆయన కోపాన్ని, మొండితనాన్ని, ఎవరితోనో చాలాకాలం మాట్లాడకుండా ఉండిపోవడాన్ని పూర్తిగా చెరిపేస్తే తాతయ్యను చూసినవారు ఆ రచనను నమ్మరు. బతికి ఉన్నవారి పరువుకు భంగం కలిగించేవి మాత్రం వారిని అడగకుండా రాయకూడదు.

సభలో మాట్లాడవలసి వస్తే

సభలో చెప్పడానికి ఒకటి రెండు సంఘటనలు చాలు. జీవితచరిత్ర మొత్తం చెప్పాలని చూస్తే ఏదీ నిలవదు. రాసుకున్నదాన్ని గట్టిగా చదివి గడియారం చూసుకోండి. ఐదు నిమిషాలు దాటితే తగ్గించండి. "ఇప్పుడొక సరదా సంగతి చెబుతాను" అని ముందుగా ప్రకటించకండి. ఆయన ఉన్న గదిని రెండు వాక్యాల్లో చూపించి, ఆయన మాటను ఆయన యాసలోనే చెప్పి, ఆగండి. నవ్వు వస్తే అది తగ్గేవరకు ఆగాలి, రాకపోతే కొనసాగించాలి.

దుఃఖంలో ఉన్నవారి ముందు నవ్వించడం తప్పేమోనన్న సంకోచం చాలామందికి ఉంటుంది. జీవిత భాగస్వామిని కోల్పోయి ఆరు నెలలైనవారిని డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే పరిశోధకులు పరిశీలించి 1997లో ఫలితాలు ప్రకటించారు. పోయినవారి గురించి మాట్లాడుతూ మనస్ఫూర్తిగా నవ్వగలిగినవారిలో కోపం, బాధ తక్కువగా కనిపించాయి. ఎవరైనా అభ్యంతరం చెబుతారన్న అనుమానం ఉంటే ముందుగా అమ్మమ్మకు చదివి వినిపించండి. ఆమె ఒప్పుకుంటే ఇంకెవరినీ అడగనక్కరలేదు. మీ గొంతు పూడుకుపోయే వాక్యం ఏదో ఇంట్లో చదివినప్పుడే తెలిసిపోతుంది, అక్కడ కాగితం మీద గుర్తు పెట్టుకుని ఊపిరి తీసుకోండి. రెండో ప్రతిని ముందు వరుసలో కూర్చునే ఒకరి చేతికి ఇస్తే, మీరు చదవలేకపోయినా మాట ఆగదు.

కాగితం, ఫొటో, ఫైలు

పాత ఫొటోల వెనక బాల్ పెన్నుతో రాయవద్దు, నొక్కు ముందువైపు కనిపిస్తుంది, సిరా కూడా అంటుకుంటుంది. మెత్తటి పెన్సిలుతో అంచు దగ్గర తేలికగా, ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. చిన్న ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే తరువాత రెట్టింపు కొలతలో అచ్చువేసినా స్పష్టంగా ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది కనుక డాక్యుమెంటుగా పంపమని బంధువులకు చెప్పండి. తెలుగులో టైపు చేసేటప్పుడు తప్పనిసరిగా యూనికోడ్‌నే వాడండి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉంది, దాదాపు ఏ పరికరంలో తెరిచినా అది తెలుగుగానే కనిపిస్తుంది. పాత అచ్చు ఫాంట్లలో టైపు చేసినవి ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా మారిపోతాయి. మొత్తం సేకరణకు మూడు ప్రతులు ఉంచుకోండి, వాటిని కనీసం రెండు రకాల సాధనాల్లో పెట్టండి, ఒక ప్రతి వేరే ఇంట్లో ఉండాలి. ఆ ఇంటివారికి అందులో ఏముందో కూడా చెప్పండి.

ఆయనను చూడని పిల్లల కోసం

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ కుటుంబ చరిత్రపై ఇరవై ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసి పిల్లలను అడిగారు. అమ్మా నాన్నా ఎలా కలిశారో, తాత బామ్మలు ఎక్కడ పెరిగారో వంటి ప్రశ్నలవి. ఇంటి కథలు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న భావన ఎక్కువగా ఉన్నాయని వారు గమనించారు. ఆ పిల్లలకు పెద్ద పుస్తకాన్ని ఇచ్చి చదవమంటే చదవరు. ఒక్కో సంఘటనను విడి కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి, గట్టిగా చదివేలా ఇవ్వండి. తాతయ్య మాట వచ్చిన చోట పిల్లలు గొంతు మార్చి చదువుతారు. ఆ గొంతు ఆయనది కాకపోయినా, ఎక్కడ ఆగాలో నేర్పించేవాళ్ళు ఇంట్లో ఇంకా ఉన్నారు. కళ్ళజోడు మాట దగ్గర ఎంతసేపు ఆగాలో మా అమ్మ మా అబ్బాయికి చూపించింది.

చివర కొన్ని తెల్ల కాగితాలు ఉంచండి. వాటిలో ఒకదాన్ని సగమే గుర్తున్న మాటల కోసం కేటాయించండి. మా దగ్గర ఆ పేజీలో ఇప్పుడు ఏడు ఉన్నాయి. "అయితే గొడుగు నీదే కానీ..." అని తాతయ్య అన్నారని ఇద్దరికి గుర్తుంది, అందరూ పగలబడి నవ్వారని ముగ్గురికి గుర్తుంది, తరువాతి మాట ఎవరికీ గుర్తు లేదు. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ పేజీ చూపిస్తున్నాం.